ఒక ట్రక్కు పాటిమన్ను

మా వైపు ఎండాకాలం వస్తే పొలాలకు పాటిమన్ను తోలతారు. ఎప్పుడో జనం కాపురమున్న ఊరు పాడుబడి, ఇళ్లు కూలి, వానలకు కరిగి దిబ్బగా మిగిలితే, ఆ దిబ్బలోని బూడిదరంగు మట్టే పాటిమన్ను. మా నాన్న బండ్లు కట్టించి తోలించేవాడు. కొట్లో కొన్న ఎరువు ఒక పంటతో సరి, పాటిమన్ను మూడు పంటల దాకా పనిచేస్తుంది అనేవాడు. అందులో అంత సారం ఎందుకుందో మేమెవరం అడగలేదు. పొయ్యిల్లో బూడిద, పారేసిన కూడు, పశువుల పేడ, ఆ పశువులు, వాటిని మేపిన మనుషులు, అన్నీ కలిసి మట్టయితేనే ఆ సారం. ఈ సంగతి నాకు డెబ్భై మూడో ఏట, తెనాలిలో మా ఇంటి పెరట్లో అర్థమైంది.

2025 జూన్ నెల. తొలకరి ఇంకా పడలేదు. కనకాంబరాలు ఎదగడం లేదని రేపల్లె అవతల ఉండే మా బావకు ఫోన్ చేసి ఒక ట్రక్కు మన్ను పంపించమన్నాను. బావ అంటే మా అక్క భర్త. ఎనభై దాటిన మనిషి. అక్క పోయి నలభై ఎనిమిదేళ్లవుతున్నా మాకు రాకపోకలు తెగలేదు. ఆయనకు రెండో పెళ్లి దగ్గరుండి చేయించింది మా నాన్నే. 

నేను లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. నాకు తేదీలు నిలుస్తాయి. ఎవరి పెళ్లి ఏ సంవత్సరం, ఎవరు ఏ నెలలో పోయారు అని బంధువులు నాకే ఫోన్ చేసి కనుక్కుంటారు. అక్క పోయిన తేదీ మాత్రం ఎవరూ అడగరు. 1977 నవంబరు పంతొమ్మిది. ఉప్పెన వచ్చిన రోజు ఏదో మా వైపు ఎవరికీ ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

మన్ను వచ్చిన మూడోరోజు పొద్దున పనిమనిషి బొరిగెతో దాన్ని పెరడంతా సర్దుతోంది. నేను కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుని గడ్డలు చిదుపుతున్నాను. 

"అమ్మగారూ, ఇదేంటో చూడండి. పుల్లలాగే ఉంది గానీ పుల్ల కాదండి."

కాఫీ గింజ రంగులో, జానెడుకు కొంచెం ఎక్కువ పొడవున్న ఎముక. ఒక చివర విరిగింది. పాటిమట్టిలో ఎముక ముక్కలు కనిపించడం కొత్త కాదు కనుక పక్కన పెట్టమన్నాను. ఆమె ఇంకోసారి బొరిగె వేసింది. ఎముక పడి ఉన్న గడ్డలోంచే చేతికి వేసుకునే గాజు ముక్క ఒకటి ఊడి నా కాళ్ల దగ్గర పడింది. గాజులో సగం ఉంటుంది. తడిపి తుడిచాను. మీగడ రంగు, అక్కడక్కడ పసుపు పచ్చ. మధ్యలో చుట్టూ గీసినట్టు సన్నటి గాడి.

దాన్ని మళ్లీ తడిపి, మళ్లీ తుడిచాను.

ఉద్యోగం వచ్చిన మొదటి నెల జీతంతో నేను అక్కకు కొన్నవి రబ్బరు గాజులు. ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన ప్లాస్టిక్ గాజుల్ని అందరూ రబ్బరు గాజులనే అనేవాళ్లు. తెనాలి గాజుల బజారులో ఎంచి ఎంచి, మీగడ రంగులో మధ్యలో గాడి ఉన్నవి తీసుకున్నాను. "చెరి రెండూ కొన్నావుటే? లెక్కల టీచరమ్మ ఎడం చేతికి అన్యాయం చేస్తుందా!" అని నవ్వింది అక్క. తర్వాత వాటిని తీసిందే లేదు. పురిటికి మా ఇంటికొచ్చినప్పుడు కూడా మంత్రసాని తియ్యమంటే, "మా చెల్లెలు కొంది, ఉండనియ్యండి" అంది. పిల్ల పుట్టాక అయిదో నెలలో అత్తగారింటికి వెళ్లింది. పిల్ల తొమ్మిదో నెలలో పడగానే నవంబరు వచ్చింది.

ఆ రోజు బావ తవుడు కొనడానికి రేపల్లె వెళ్లి గాలివానకు అక్కడే ఆగిపోయాడు. ఊళ్లోకి సముద్రం వచ్చింది. అక్కా, పిల్లా కనిపించలేదు. పదో రోజున దర్భలతో రెండు బొమ్మలు కట్టి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, వాటికే దహనం చేశారు. మా కుటుంబానికి తెలిసినది అంతే.

"గొడ్డుదేమోనండి," అంది పనిమనిషి. తర్వాత నా మొహం చూసి బొరిగె కింద పెట్టేసింది. "మనిషిదైతే నేను చెయ్యనండి. మా ఇంట్లో చంటిపిల్లలున్నారు."

ఇద్దరం తలస్నానాలు చేశాం. ఎముకనూ గాజు ముక్కనూ పాత తువ్వాలులో చుట్టి, వంటింట్లో పెట్టడానికి మనసొప్పక, మెట్ల కింద ఎరువుల డబ్బా పక్కన పెట్టాను. మైల అని పెట్టానో, ఎండ తగలకూడదని పెట్టానో నాకే తెలియలేదు. ఒకవేళ అక్కే అయితే ఎరువుల డబ్బా పక్కనా అనిపించి మళ్లీ వెళ్లి, కిటికీ గట్టు మీద పెట్టాను.

సాయంత్రం మా అమ్మాయి బ్యాంకు నుంచి వచ్చింది. నేను తన దగ్గరే ఉంటాను. చెప్పగానే ముందు గేటు వేసి వచ్చింది.

"ఎవరితో అన్నావమ్మా?"

"ఎవరితోనూ అనలేదు."

"పనమ్మాయి అంటుందిగా! పోలీసులొచ్చి పెరడంతా తవ్వుతారు. వీధి వీధంతా మన గోడ మీద ఉంటారు. ఎందుకమ్మా ఇదంతా? ఆ తువ్వాలు తీసుకెళ్లి కాలవలో కలిపేద్దాం. పుణ్యం కూడాను."

"అక్కదైతేనో?"

అమ్మాయికి అక్క ఫోటోలో మాత్రమే తెలుసు. అయినా కుర్చీ లాక్కుని కూర్చుంది. "పెద్దమ్మ గాజులు అలాగే ఉండేవా?" అంది. 

"అలాగే ఉండేవి."

"నువ్వు గుర్తుపట్టావంటే..." అని ఆగిపోయింది. నా జ్ఞాపకం మీద మా ఇంట్లో అందరికీ నమ్మకం. ఆ నమ్మకమే ఆ రోజు నన్ను భయపెట్టింది.

ఎందుకంటే గుర్తుపట్టడం గురించి నేను చదివిన వార్త ఒకటుంది. రిటైరయినప్పటి నుంచి తవ్వకాల వార్తలు పేపర్లోంచి కత్తిరించి, పైన తేదీ వేసి దాచుకోవడం నాకు అలవాటు. ఈజిప్టులో రాజు సమాధి బయటపడింది, ఎక్కడో సముద్రం అడుగున మునిగిన ఓడలో బంగారు నాణేలు కనిపించాయి అంటే పైపైన చదువుతాను. మట్టిలోంచి మామూలు మనుషులు దొరికారంటే మాత్రం కత్తెర తెచ్చుకుంటాను. మా అమ్మాయి దీన్ని నా పిచ్చి అంటుంది. ఎందుకు దాస్తున్నానో తనకు తెలుసు, నాకూ తెలుసు, పైకి అనుకోం.

పోయిన సంవత్సరం చివర్లో వచ్చిన వార్త అది. ఇటలీలో పాంపేయీ అనే ఊరు రెండు వేల ఏళ్ల కిందట అగ్నిపర్వతం బూడిదలో కప్పబడిపోయింది. అందులో ఒక ఇంట్లో చేతికి బంగారు కడియంతో ఒక మనిషి, ఆ మనిషిని ఆనుకుని ఒక పసిబిడ్డ ఉన్న రూపాలు దొరికాయి. తల్లీ బిడ్డా అని ఎన్నో ఏళ్లు అందరూ అనుకున్నారు. ఈమధ్య ఎముకల్లోంచి డీఎన్ఏ తీసి చూస్తే ఆ మనిషి ఆడమనిషి కాదు, మగవాడు. ఆ బిడ్డకు, ఆయనకు రక్తసంబంధం లేదు. కడియం చూసి తల్లి అనుకున్నారు, అంతే. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఇప్పుడు ఈ గాజును నేను గుర్తుపట్టింది కూడా తప్పు కావచ్చునని భయం. తప్పు కాకపోతే అంతకన్నా భయం.

మర్నాడు బావకు ఫోన్ చేశాను.

"మన్ను ఏ దిబ్బది బావా?"

"ఏ దిబ్బదేంటే, మా ఊరి దిబ్బదే. దిబ్బ ఆసామి అమ్ముకుంటున్నాడు, మిషను పెట్టి తవ్విస్తున్నాడు. నీకు మంచిది చూసి పంపమన్నా. ఏం, మట్టికి కూడా మార్కులు తగ్గిస్తున్నావా టీచరమ్మా?"

"అందులో ఎముక వచ్చింది."

"పాటిదిబ్బలో ఎముకలు రాక ముత్యాలొస్తాయా? ఏ ఎద్దుదో అయ్యుంటది."

"గాజు ముక్క కూడా వచ్చింది."

అటువైపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"బావా, ఉప్పెనలో ఆ దిబ్బ మీద ఎవర్నైనా పూడ్చారా?"

"తూర్పు వైపు తియ్యమన్నా," అన్నాడు. నాతో అన్నట్టు లేదు. "ట్రాక్టరోడికి తూర్పు వైపే తియ్యమని చెప్పా. రెండుసార్లు చెప్పా." 

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే తీయలేదు.

బాపట్లలో నాతో పనిచేసిన టీచరు ఉంటుంది. ఆమె భర్త పురావస్తు శాఖలో చేసి రిటైరయ్యారు. నేను అన్నయ్యగారు అంటాను. శనివారం పొద్దున రైల్లో బయల్దేరాను. తువ్వాలు మూటను చేతిసంచి అడుగున పెట్టి, పైన నిమ్మకాయలు పోశాను. తెనాలి నుంచి ఎవరింటికి వెళ్లినా నిమ్మకాయలు పట్టుకెళ్లడం మాకు మామూలే. పక్కన కూర్చున్నావిడ సంచి వంగి చూసి, "ఏంటి పిన్నిగారూ, బరువుగా ఒళ్లో పెట్టుకున్నారు, కింద పెట్టండి," అంది. 

"నిమ్మకాయలేనమ్మా."

"నిమ్మకాయలకి అంత భయమేంటండీ, ఎవరూ ఎత్తుకుపోరు!" అని నవ్వింది. 

నేనూ నవ్వాను. బాపట్ల దాకా సంచి కింద పెట్టలేదు.

అన్నయ్యగారు వరండాలో బల్ల మీద పేపరు పరిచి తువ్వాలు విప్పారు. ఆయనకు ఒక అలవాటుంది. తవ్వకాల్లో దొరికిన ఎముక పాతదో కాదో తెలుసుకోవడానికి దాన్ని నాలుకకు తాకించి చూస్తారు. పాతదైతే అంటుకుంటుందట. ఆమె పెళ్లయిన కొత్తలో ఇది చూసి ఏడ్చిన సంగతి మా స్టాఫ్ రూములో అందరం చెప్పుకుని నవ్వుకునేవాళ్లం.

ఎముక తీసుకుని కళ్లజోడు పైకి జరిపి, మామూలుగానే నోటి దాకా తెచ్చారు. లోపల్నించి ఆమె, "ఇదిగో, మళ్లీ మొదలా! ఇంటికొచ్చిన మనిషి ముందు కూడానా!" అని కేకేసింది. ఆయన చెయ్యి దారిలోనే ఆగింది. ఎముకను తిప్పి ఒకసారి, వాల్చి ఒకసారి చూశారు. మెల్లగా పేపరు మీద పెట్టి, లేచి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చారు.

ఆయన నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది.

"మనిషిదేనా అన్నయ్యగారూ?"

"మనిషిదే చెల్లెమ్మా. ముంజేయి. సన్నంగా ఉంది. ఆడమనిషిది కావచ్చు, ఎదిగే పిల్లవాడిది కావచ్చు." 

ఎన్నాళ్లదో చెప్పమన్నాను. అలా చూసి చెప్పలేనన్నారు. ఉజ్జాయింపుగానైనా చెప్పమన్నాను. "ఉజ్జాయింపంటే నీకు పడదుగా," అన్నారు. అప్పుడు అక్క సంగతి మొత్తం చెప్పాను. ఆమె కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. గాజు ముక్క నా పిడికిట్లోనే ఉంది. ఆయన చెయ్యి చాస్తే ఇవ్వడానికి కొంచెంసేపు పట్టింది.

ఆయన దాన్ని ఎండలో పెట్టి చూసి, విరిగిన అంచును బ్లేడుతో గీకారు. "నిమ్మకాయలు తెచ్చావుగా, ఒకటి కొయ్యమను."

గీకినచోట నిమ్మరసం చుక్క వేశారు. "రబ్బరైనా, ప్లాస్టిక్కైనా రసం ఊరికే నిలబడుతుంది. చూస్తూ ఉండు."

చుక్క అంచున సూది మొనంత బుడగలు లేచాయి. ఒకటి పగిలితే ఇంకొకటి. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటచిటమంది.

"శంఖం," అన్నారు. "సముద్రపు శంఖాన్ని రంపంతో అడ్డంగా కోసి చేసిన గాజు. పూర్వకాలం వాళ్లు మన తీరమంతా వేసుకునేవాళ్లు. ఆ గాడి కూడా వాళ్లు గీసిందే. వెయ్యేళ్లు దాటే ఉంటుంది, రెండు వేలు కూడా కావచ్చు. మీ అక్కది కాదు."

నేను చాలాసేపు ఏడ్చాను. ఆమె మంచినీళ్లిచ్చింది. ఎందుకేడుస్తున్నానో అడగలేదు. అక్క దొరకలేదని ఏడ్చానో, అక్క కానందుకు ఏడ్చానో నాకే తెలియదు. కాఫీ తాగాక ప్రాణం తేలికపడి, అయితే ఈ ఎముక కూడా ఆ కాలానిదేగా, కాలవలో కలిపేయవచ్చా అని అడిగాను.

ఆయన పేపరు మీద పెన్సిలుతో దిబ్బ బొమ్మ గీసి, దాన్ని అడ్డంగా గీతలుగా కోశారు.

"దిబ్బ పొరలు పొరలుగా ఉంటుంది చెల్లెమ్మా. కింద పాతది, పైన కొత్తది. ఈ గాజు ఇక్కడిది," అని అడుగు గీత మీద చుక్క పెట్టారు. "పై పొర దాటకుండా మిషను కింది పొరకు పోదుగా. ట్రక్కులో పైదీ కిందదీ కలిసిపోతాయి. గాజు వయసు తెలిసింది. ఎముక ఏ పొరదో గాజు చెప్పదు."

పై గీత మీద ఆయన ఏమీ రాయలేదు. నేనే చూస్తూ ఉండిపోయాను. ఆ గాజు నా పెరట్లోకి వచ్చిందంటే పైన ఉన్నదంతా అప్పటికే తవ్వేశారన్నమాట. ఎవరెవరి పెరళ్లలోకో, ఎవరెవరి పొలాల్లోకో వెళ్లిపోయింది. కాసేపటి కిందట నాకు ఊరట ఇచ్చిన మాటే ఇప్పుడు తిరగబడింది.

"మనిషి ఎముక కనుక అధికారులకు చెప్పాలి. నేను చెప్తాను. పరీక్షకు కూడా పంపిద్దాం," అన్నారు. "ఈలోపు మిషను ఆగదు. నువ్వు రేపల్లె వెళ్తానంటున్నావుగా. తవ్విన గోడ చూడు. ఉప్పెన వచ్చినచోట సముద్రం ఇసుక వదిలి వెళ్తుంది. పైనుంచి కాస్త కిందగా తెల్లటి గీతలాగా కనపడుతుంది. ఆ గీత తెగకుండా ఉంటే దాని కింద అంతా పాతకాలమే. తెగి ఉంటే, ఉప్పెన తర్వాత ఎవరో అక్కడ తవ్వారని."

అట్నుంచి అటే చెరుకుపల్లి మీదుగా బస్సులో రేపల్లె చేరి, అక్కణ్ణుంచి ఆటోలో బావ ఊరు వెళ్లాను. బావ అరుగు మీద చేతికర్ర పట్టుకుని కూర్చుని ఉన్నాడు. బాపట్లలో చూపించి వస్తున్నానని మా అమ్మాయి వాళ్లింటికి ఫోన్ చేసి చెప్పిందట. ఆయన రెండో భార్య, ఆవిడా నాకు అక్కలాంటిదే, "మూడు రోజుల్నించి సరిగా తినట్లేదమ్మా, అడిగితే కసురుతున్నాడు," అంది.

"దిబ్బ చూడాలి బావా."

"ఎండలో ఎందుకే?" అన్నాడు. అంటూనే లేచి చెప్పులు వేసుకున్నాడు.

దిబ్బలో సగం లేదు. పడమటి వైపు పొక్లెయిన్ మిషను నిట్టనిలువుగా కోసుకుంటూ వచ్చింది, ఇంకా తవ్వుతూనే ఉంది. రెండు నిలువుల ఎత్తున మట్టి గోడ. అందులో కుండ పెంకులు, బూడిద, కాలిన మట్టి పొరలు పొరలుగా కనిపిస్తున్నాయి. మట్టి ఒరలు ఒకదానిమీద ఒకటి పేర్చిన పాత బావి ఒకటి సగానికి కోసినట్టు నిలబడి ఉంది. ఇంకోరోజైతే దాని ముందు నుంచి కదిలేదాన్ని కాదు. ఆ రోజు నా కళ్లు పైనే వెతికాయి.

పైనుంచి కాస్త కిందగా తెల్లటి గీత ఉంది. దగ్గరికెళితే ఇసుక. అందులో గోరంత గవ్వలు. ముగ్గుపిండితో గీత లాగినట్టు దిబ్బ వాలు వెంట సాగింది. కొంతదూరం సాగి తెగింది. తెగినచోట మట్టి గుల్లగా, గిన్నె ఆకారంలో కిందికి దిగింది. మళ్లీ గీత మొదలై మళ్లీ తెగింది. మూడోసారి తెగినచోట గుంతను మిషను సగానికి కోసేసింది. దాని అవతల ఇంకా తవ్వని దిబ్బ ఉంది.

బావకు చూపిద్దామని పక్కకు తిరిగాను. బావ నా పక్కన లేడు. వెనక దూరంగా, దిబ్బ మీద కాలు పెట్టకుండా ఆగిపోయాడు.

"ఇవి గుంతలు బావా," అన్నాను. "ఎవరు తవ్వారు?"

మిషను తొండం మళ్లీ పైకి లేచింది.

"బావా!"

"మేమే తవ్వాం," అన్నాడు. "నేనూ, ఇంకో నలుగురం. ఇప్పుడు వాళ్లెవరూ లేరు. రేపల్లె నుంచి నీళ్లలో నడుచుకుంటా వచ్చా. ఊళ్లో ఎక్కడా నేల లేదు, ముందు తేలింది ఈ వాలే. మనుషులు, గొడ్లు కలిసిపోయి ఉన్నారు. వాసన. మొదట మొహాలు చూశాం. రెండో మూడో చూశాక ఇక చూడలేకపోయాం. మొహాన గుడ్డ కప్పి మోసుకురావడమే."

"అక్క..."

"ఒకావిడ ఉంది. చంటిబిడ్డని పట్టుకుని ఉంది. విడదియ్యబోతే రాలా. నేను ఒకవైపు పట్టుకున్నా. గుడ్డ తియ్యమన్నాడు పక్కోడు, నీ వాళ్లేమో చూసుకోమన్నాడు. నేను తియ్యలా." ఆయన కర్ర మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. "నావాళ్లే అయితే ఆ పారతో పైన మట్టి ఎలా వేసేదే? అందుకని తియ్యలా. మీ నాన్నకి చెప్పలేకపోయా. దర్భబొమ్మ కట్టినప్పుడు కూడా చెప్పలేకపోయా."

నాకు కోపం రావాలి. రాలేదు. మా నాన్న బతికినన్నాళ్లూ, ఎక్కడో ఆసుపత్రిలో మతి తప్పి ఉందేమోనని, రేపల్లె వైపు నుంచి ఎవరొచ్చినా ఆరా తీసేవాడు. అదంతా గుర్తొచ్చింది. అయినా ఆ ముసలాయన మొహం చూశాక నాకు కలిగింది, ఈయన ఏమైపోతాడోనన్న భయమే.

మిషను తొండం దిగి, మూడో గుంత అంచున మట్టి జారింది. 

బావ కదిలాడు. నలభై ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆ దిబ్బ ఎక్కాడని తర్వాత ఆయన భార్య చెప్పింది. కర్ర పట్టుకుని నేరుగా మిషను ముందుకు నడిచాడు.

"తాతా! పక్కకి జరుగు, మట్టి పడుద్ది!" అని డ్రైవరు అరిచాడు.

"ఇంజను ఆపరా."

"ఓనరుగారితో చెప్పుకో తాతా, నాకెందుకు? నాకు సాయంత్రానికి పన్నెండు ట్రక్కులు పడాలి."

"మీ ఓనరు తాతని కూడా ఇక్కడే పూడ్చా. వెళ్లి చెప్పు, రమ్మను." గుంత అంచున చతికిలబడి కూర్చున్నాడు. "మా ఇంటిది ఉందిక్కడ. పిల్లతో ఉంది. నన్ను కూడా ఎత్తి ట్రక్కులో వేసుకుని ఎవడి పొలానికి తోలతావో తోలుకో."

ఇంజను ఆగింది. ట్రాక్టర్ల దగ్గర ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఒకతను తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. డ్రైవరు కిందికి దిగి, ఏం చెయ్యాలో తెలియక, మంచినీళ్ల సీసా తెచ్చి బావకిచ్చాడు. బావ తాగకుండా దాన్ని ఒళ్లో పెట్టుకుని నన్ను చూశాడు.

"గాజు చూశావుగా. బాపట్లలో కూడా చూపించావంటగా. అదేనా? మీ అక్కేనా ఇక్కడున్నది? నువ్వు ఒక మాట చెప్తే అది తప్పదు. చెప్పవే."

శంఖం గాజు సంగతి చెప్పాలి. ఎముక ఏ పొరదో తెలియదని చెప్పాలి. బిడ్డను పట్టుకుని ఉన్నంత మాత్రాన తల్లి అని చెప్పడానికి లేదని పాంపేయీ వార్త చెప్పాలి. ఆ కత్తిరింపు బాపట్లలో చూపిద్దామని తెచ్చాను, సంచి అడుగునే ఉంది. పిల్లలు ఉజ్జాయింపుగా జవాబు రాస్తే ముప్ఫై ఆరేళ్లు ఎర్ర సిరాతో కొట్టేసిన దాన్ని.

"బిడ్డని ఏ చేత్తో పట్టుకుని ఉంది?" అని అడిగాను.

ఆయన సీసా పక్కన పెట్టి, ఎడమ చేయి మడిచి గుండెకు ఆనించి చూపించాడు. 

"ఎడం చేత్తో."

"అయితే అక్కే," అన్నాను.

బిడ్డను ఎవరైనా ఎడమ చంకనే ఎత్తుకుంటారు. ఆ మాట ఆయనకూ తెలుసు. అయినా తల ఊపి, సీసా మూత తీసి గటగటా తాగాడు.

సోమవారం అధికారులు వచ్చి తవ్వకం ఆపించారు. మిగిలిన గుంతల చుట్టూ తాడు కట్టారు. అన్నయ్యగారు చెప్పిన మనుషులు ఎముకను కాగితం మీద సంతకం పెట్టించుకుని తీసుకెళ్లారు. తోబుట్టువును కనుక నా నోట్లో దూదిపుల్ల పెట్టి తడి తీసుకున్నారు. ఉప్పునేల, ఎండ, వాన, వీటివల్ల ఏమీ తేలకపోవచ్చని, తేలితే మాత్రం ఖాయంగా తేలుతుందని అన్నయ్యగారు చెప్పారు. ఏది తేలినా ముందు నాకు చెప్పండి, రేపల్లెకు చెప్పకండి అని ఆయన్ని బతిమాలాను. నా అలవాటుకు విరుద్ధమని ఆయన అనలేదు, సరేనన్నారు.

పెరట్లో మన్ను మీద టార్పాలిన్ కప్పించాను. శ్రావణం వెళ్లింది. టార్పాలిన్ అంచుల వెంట నేను నాటని మొక్కలు ఏవేవో ఏపుగా లేచాయి. పనిమనిషి అటు వెళ్లదు. వాన కురిస్తే నేనూ కిటికీ తలుపు వేసేస్తాను. నీళ్లు మట్టిని కోసి ఇంకేం పైకి తెస్తాయో చూడలేను.

బావ వారానికోసారి ఫోన్ చేస్తాడు. ఇప్పుడు బాగా తింటున్నాడట. రోజూ పొద్దున దిబ్బ దాకా నడిచి వస్తున్నాడట. 

"వచ్చిందా?" అంటాడు.

"ఇంకా రాలేదు బావా."

"రాకపోయినా ఫర్లేదులే. నువ్వు చెప్పావుగా."

ఫోన్ మోగితే ముందు నంబరు చూస్తాను. బావదైతే ఊపిరి తీసుకుని మాట్లాడతాను. బాపట్లదైతే మోత ఆగిపోయేదాకా చెయ్యి ముందుకు రాదు.